ఆత్మకూరు బిస్కత్తు

మొన్న కడపలో మా ఆడపడుచు ఇంటికి పోయినప్పుడు ఆమె ఒక పళ్లెంలో బిస్కత్తులు తెచ్చి నా ముందు పెట్టింది. పండగని కొడుకు బెంగళూరు నుంచి తెచ్చాడట. పైన జీడిపప్పు, బాదం పొదిగి చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఒకటి తీసుకుని కొరికాను. ఎడమ దవడ కిందికి నెట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా నమిలి, "ఇది గాదు" అన్నాను.

ఆడపడుచు మొహం చిన్నబోయింది. "ఏది గాదు వదినా?" అంది.

నాకు సిగ్గేసింది. ఏదో సర్ది చెప్పి ఇంకో రెండు తిన్నాను. ఆ కళ్లు మూసుకోవడమూ, ఆ ఎడమ దవడా, ఆ మాటా మా మేనత్తవి. ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లూ నాలో ఎక్కడ దాక్కుందో, ఒక్క కొరుకుతో బయటికి వచ్చింది.

మాది ఆలూరు. అత్త మా నాన్నకు చెల్లెలు, ఎనిమిదేళ్లు చిన్న. ఆమెను ఆలూరులోనే ఇచ్చారు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క సందు. ఇద్దరి ఇళ్లలోనూ వ్యాపారమే. మా నాన్నది కిరాణా అంగడి, మామది గుడ్డల అంగడి. పిల్లలు లేరు వాళ్లకు. పొట్టిగా, గట్టిగా, ఎండకు కాలిన ఇటుక రంగులో ఉండేది అత్త. నడిచేటప్పుడు ముందుకు వంగి నడిచేది, ఎప్పుడూ ఎదురుగాలి వీస్తున్నట్టు.

ఇంటికి చుట్టాలు వస్తే ఎవరైనా ముందు క్షేమం అడుగుతారు. అత్త అడిగే మొదటి ప్రశ్న వేరు.

"మీ ఊర్లో దీపావళికి పప్పు బిస్కత్తు చేస్తారా?"

వచ్చినవాళ్లు తెల్లబోయేవాళ్లు. అత్త అరచెయ్యి ముందుకు చాపి చూపించేది. "ఇంత ఉంటాది. అంచు ఎర్రగా కాలుంటాది. మద్దిన ఏలితో నొక్కిన గుంట. గుంట నిండా పప్పులు. నోట్లో ఏసుకుంటే ముందు నెయ్యి, దాని ఎనక పప్పు వాసన. ఆ పప్పు ఏందో నాకు తెల్దు. నోటికి తెలుసు."

అది ఆమె ఆరేళ్ల వయసులో తిన్న బిస్కత్తు. అప్పుడు మా తాతవాళ్లు ఆత్మకూరులో ఉండేవాళ్లు, నల్లమల అడవి పక్కన. ఆ ఏడు దీపావళి అయిన కొన్నాళ్లకే మా నాన్నమ్మ జ్వరంతో పోయింది. తాత పిల్లలిద్దర్నీ, తన తల్లినీ తీసుకుని వ్యాపారం కోసం ఆలూరు వచ్చేశాడు. అత్తకు తల్లి మొహం గుర్తు లేదు. ఇంట్లో ఒక్క పటం లేదు. తల్లి అనుకుంటే ఆమెకు గుర్తొచ్చేది ఆ బిస్కత్తు ఒక్కటే. పిండి బిళ్లలు వరసగా పేర్చి, "నొక్కమ్మా" అని తల్లి అంటే, తను బొటనవేలితో ఒక్కొక్కటీ నొక్కింది. "పిండి వెచ్చగా ఉండేది పాపా. ఇప్పటికీ ఏలికి తెలుస్తాది" అనేది నాతో.

ఈ మాట వచ్చినప్పుడల్లా మా నాన్న లేచి పోయేవాడు. పోలేని చోట ఉంటే, మొహం పక్కకు తిప్పుకుని ఒకే మాట అనేవాడు.

"అట్లాంటిది మనింట్లో ఎప్పుడూ లేదు. నీకప్పుడు ఆరేండ్లు. కల గన్నావు."

"కలలో నెయ్యి వాసన వస్తాదా అన్నా?"

"వస్తాది."

"ఏలికి వెచ్చగా తగులుతాదా?"

నాన్నకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఆ ఇంట్లో బతికిన మనుషుల్లో మిగిలిన పెద్దవాడు ఆయనే. ఆయనే లేదంటే ఇంక ఎవర్ని అడగాలి? కానీ అత్త నమ్మలేదు. చేసి చూపిస్తానంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె చేస్తూనే ఉంది.

ఆలూరులో బిస్కత్తు కాల్చే పొయ్యి ఎక్కడుంది? అత్త తనే ఒకటి తయారు చేసుకుంది. వెడల్పాటి మట్టి బాన అడుగున ఇసుక పోసి, ఇసుక మీద పళ్లెం పెట్టి, పైన ఇనప పెనం మూసి, దాని మీద నిప్పులు పోసేది. ఆదోని నుంచి మైదా తెప్పించేది. మొదట బుడ్డలతో మొదలుపెట్టింది. వేరుశనక్కాయల్ని మావైపు బుడ్డలంటాం, మా చేలల్లో పండేవి అవే. తర్వాత జీడిపప్పు, బాదం, అక్రోటు, గుమ్మడి గింజలు, కుసుమ గింజలు. పెళ్లికి పోతే వంటవాళ్ల దగ్గరికి పోయి సంచులు విప్పి వాసన చూసేది. బళ్లారి నుంచి వచ్చిన వర్తకుడొకడు సారపప్పు ఇస్తే అదీ నోట్లో వేసుకుంది. "థూ, కమురు వాసన. ఇది గాదు" అని ఉమ్మేసింది. చెడిన నూనె కొట్టే వాసనను మావైపు కమురంటాం.

చేసిన ప్రతిసారీ మమ్మల్ని పిలిచేది. మేం చుట్టూ నిలబడితే తను మొదట కొరికేది. ఎడమ దవడ, మూసిన కళ్లు. తర్వాత తల అడ్డంగా ఊపి "ఇది గాదు" అని పళ్లెం మా వైపు తోసేది. ఆమె మొహంలో దిగులు కనిపించేది కాదు. అది కాదని తేలింది కదా, ఇక దాన్ని వదిలేయొచ్చు అన్నట్టు ఉండేది.

మిగిలినవి తినే పని మామది. ఆయన మంచివాడు. గట్టివాటిని మజ్జిగలో నానేసుకుని తినేవాడు.

"బాగుండాది లేవే. ఇంక ఇదే అనుకోరాదా?" అనేవాడు.

"బాగుండేది నాకొద్దు. అదే కావాల" అనేది అత్త.

మజ్జిగకు కూడా లొంగని వాటిని మేం ఆడపిల్లలం తొక్కుడుబిళ్లకు తీసుకుపోయేవాళ్లం. ఒక్కో బిళ్ల నెల్లాళ్లు వచ్చేది. వీధిలో జనం నవ్వేవాళ్లు. "ఏమమ్మా, ఈ ఏడన్నా దొరికిందా నీ బిస్కత్తు?" అని పలకరించేవాళ్లు. "ఇంగా లేదప్పా. దొరికినప్పుడు నీకే ముందు చెప్తా" అని నడుస్తూనే జవాబిచ్చేది. ఎగతాళి ఆమెకు అర్థమయ్యేది కాదో, అర్థమై పక్కన పెట్టేదో నాకు తెలియదు.

ఒకసారి, బహుశా నాకు పదేళ్లప్పుడు, మా ఇంట్లో భోజనాల దగ్గర అత్త అంది: "ఈడ కూర్చుని ఎన్ని చేసినా రాదు. ఆత్మకూరికి పోవాల. ఆ ఊర్లోనే తెలుస్తాది."

నాన్న కంచం ముందు నుంచి లేచాడు. ఆయన గొంతు పెంచగా నేను చూసింది ఆ ఒక్కసారే.

"నువ్వు ఆత్మకూరికి పోతే మళ్ల నా గడప తొక్కొద్దు."

అత్త తన అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, "సరే అన్నా" అని వెళ్లిపోయింది. ఆ "సరే"కు అర్థం ఏమిటో మాకెవరికీ తెలియలేదు.

మరుసటి ఏడు నాకు కళ్లు సరిగా కనిపించడం లేదని బళ్లో చెప్పారు. రాజధాని కర్నూల్లో ఉన్న రోజులవి. పెద్దాసుపత్రిలో చూపించి అద్దాలు వేయించాలన్నారు. దీపావళి దగ్గర పడింది. అంగడి వదిలి నాన్న రాలేడు. "నేను తీసుకపోతా" అంది అత్త. నాన్న ఒప్పుకున్నాడు. మా ఇద్దరికీ ఒక ట్రంకు పెట్టె. దాన్ని బస్సు మీదికి ఎక్కించేటప్పుడు మోసేవాడు మూలిగాడు. రెండు జతల బట్టలకు అంత బరువేమిటా అనుకున్నాను.

ఆలూరు నుంచి ఆదోని, ఆదోని నుంచి కర్నూలు. ఊరంతా గుడారాలు. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో. గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే డవాలా బంట్రోతులు వాటి వెంట పరుగెత్తుతున్నారు. మాకు తెలిసినవాళ్ల ఇళ్లన్నీ బాడుగ మనుషులతో నిండిపోయాయి. సత్రంలో దిగాం. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో చూపించాం, అద్దాలకు కొలత ఇచ్చాం, ఆలూరుకు పంపిస్తామన్నారు. పదకొండు గంటలకల్లా పని అయిపోయింది. ఆదోని బస్సు మా ఎదురుగా నిలబడి ఉంది. అత్త దాన్ని దాటి నడిచింది.

"అత్తా, మన బస్సు అది."

"మన బస్సు ఇదిగో" అని ఇంకోదాన్ని చూపించింది. నేను కళ్లు చికిలించి బోర్డు చదివాను. ఆత్మకూరు.

"నాయన గడప తొక్కొద్దన్నాడు గదత్తా!"

"నిన్ను గాదు లే, నన్ను. ఎక్కు."

దారి పొడుగునా ఎర్రనేల, తుమ్మచెట్లు. ఆత్మకూరు దగ్గరయ్యే కొద్దీ తూర్పున కొండలు నీలంగా లేచాయి. అంత అడవిని నేను అంతకుముందు చూడలేదు. అత్త కొండల వైపు చూడలేదు. ఒడిలో చేతులు ముడుచుకుని డ్రైవరు వీపునే చూస్తూ కూర్చుంది, బండి ఆమె చూపుతోనే నడుస్తున్నట్టు.

ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు ఎవరిదో ధాన్యం కొట్టు. దాని ముందు ఆగలేదు. "ఈడ భట్టీ యాడుండాది?" అని అడుగుతూ నడిచింది. రొట్టెలు కాల్చే పెద్ద పొయ్యిని ఆ ఊళ్లో భట్టీ అంటారు. మసీదు వెనక సందులో దొరికింది. మట్టితో కట్టిన గుమ్మటం లాంటి పొయ్యి, దాని నోటి చుట్టూ నల్లటి మసి. ముందు అరుగు మీద ఒక సాయిబు కూర్చుని రొట్టెల బల్ల గీకుతున్నాడు. అరవై దగ్గర పడ్డవాడు.

అత్త తన తండ్రి పేరు, ఇల్లున్న వీధి చెప్పింది. "మా యమ్మ దీపావళికి పప్పు బిస్కత్తు చేసేది. ఈడనే కాల్చినారా, పెద్దాయనా? నిజం చెప్పాల."

సాయిబు బల్ల పక్కన పెట్టాడు. ముందుకు వంగి ఆమె మొహం చూశాడు.

"శెట్టిగారి ఆడబిడ్డవా నువ్వు? అప్పుడు భట్టీ మా నాయనది. నేను కట్టెలేసేవాణ్ణి. మీ ఇంటి పళ్లెం ఎట్ల మరిచిపోతానమ్మా? రంజానుకు మా వాళ్లు పళ్లేలు తెచ్చేది, దీపావళికి మీ వాళ్లు తెచ్చేది రెండు మూడిండ్ల నుంచే. మీ పళ్లెం లోపల పెడితే వీధిలో పొయ్యేవాళ్లు నిలబడేవాళ్లు. అంత వాసన."

నేను అత్త చెయ్యి పట్టుకుని ఉన్నాను. అత్త దాన్ని వదిలించుకుని అరుగు దగ్గరికి జరిగింది.

"ఎవరు తెచ్చేది పళ్లెం?" అంది.

"మీ యన్న! ఇంగెవరు? పదమూడు పద్నాలుగేండ్ల పిల్లోడు. పళ్లెం ఇచ్చి పోరా, అయినాంక పిలుస్తాం అంటే పోడు. 'మాడకుండ సూడమనింది మా యమ్మ' అని ఈ రాయి దగ్గరే నిలబడేవాడు. వేడికి మొహం కంది పొయ్యేది. అయినా కదలడు. బాగుండాడా ఆయప్ప?"

అత్త అరుగు మీద కూర్చుంది. "బాగుండాడు" అని మాత్రం అంది.

ముప్పై ఏళ్లకు పైగా, అడిగిన ప్రతిసారీ, కల గన్నావన్న మనిషి ఇక్కడ నిలబడి మొహం కాల్చుకున్నాడు. నాకు నాన్న మీద కోపం వచ్చింది. భయం కూడా వేసింది. అత్త ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అని చూశాను. ఆమె ముక్కు కొసన చెమట తుడుచుకుని సాయిబు వైపు తిరిగింది.

"పప్పు ఏంది?"

"అది నాకు తెల్దమ్మా. కలిపేది మీ ఇండ్లల్లోనే. మాకు తెలిసింది కాల్చేది."

"రేపు నాకు కాల్చిస్తావా?"

"పొద్దున రొట్టెలు దించినాంక వేడి దిగుతాది. అప్పుడు పెడదాం. దుడ్లూ గిడ్లూ మాట్లాడొద్దు. నాకొకటి పెట్టు, చాలు."

"అయితే పప్పు ఎతుక్కోనొస్తా" అని ట్రంకు అక్కడే వదిలి అత్త లేచింది.

అంగడి వీధిలో ఒక్క దుకాణం వదల్లేదు. పప్పు అన్నది ఏది ఉంటే అది నోట్లో వేసుకుంది. ఇది గాదు. ఇది గాదు. శెట్లు విసుక్కున్నారు. నాకు ఆకలి, కాళ్లనొప్పులు. వీధి చివర, గోడ నీడన, అడవి నుంచి వచ్చిన చెంచు ఆమె ఒకతె గోనె పరుచుకుని కూర్చుని, నల్లటి చిన్న గింజల్ని రాతి మీద పెట్టి ఇంకో రాతితో పగలగొడుతోంది. పెంకులు ఒక పక్క, కందిబేడంత పప్పులు ఒక పక్క.

"అదేంది?" అంది అత్త.

"సారపప్పు."

"అది నాకు తెలుసు లే. కమురు పప్పు" అని అత్త ముందుకు నడిచింది.

వెనక నుంచి రాయి కింద పడేసిన చప్పుడు.

"ఏమ్మో, నా పప్పు కమురంటివా? నోట్లో ఎయ్యకనే కమురంటివా? ఈడికి రా. తిని మాట్లాడు."

అత్త ఆగింది. అనవసరంగా ఒక మనిషిని కించపరిచానని ఆమెకు తోచి ఉంటుంది. వెనక్కి వచ్చి చెయ్యి చాపింది. చెంచు ఆమె అప్పుడే పగలగొట్టిన నాలుగు పప్పులు కోపంగా ఆ చేతిలో వేసింది. అత్త వాటిని ఎడమ దవడ కిందికి నెట్టింది. నేను "ఇది గాదు" కోసం ఎదురుచూశాను.

ఈసారి ఆమె కళ్లు మూయలేదు. రెండు కళ్లూ పెద్దవి చేసి చెంచు ఆమెను చూసింది. నమలడం ఆగిపోయింది. ఆ దుమ్ములోనే, పట్టుచీర కాకపోయినా మంచి నేత చీరతో, చతికిలబడి కూర్చుంది.

"ఎప్పుడు కొట్టినావు ఇవి?"

"నీ ఎదురుగానే గదా కొడతాండా."

"మరి మాకాడ తిన్నది కమురెందుకు కొట్టింది?"

చెంచు ఆమె కోపం దిగిపోయింది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "పెంకుతో ఉంటే ఏడాదైనా ఉంటాది అమ్మా. పెంకు తీసినాంక నాలుగు దినాలు. అంతే. యాడికో మోసుకపొయ్యి అమ్ముకుంటే కమరక ఏం జేస్తాది? ఏయించుకుని తినేదైతే ఆ పూటనే కొట్టుకోవాల."

అత్త నా వైపు తిరిగింది. "చూడు పాపా. చేతిలోకి వచ్చినదాన్ని ఉమ్మేస్తి నేను." ఆ ఒక్కటే అంది. తర్వాత రాయి తీసుకుని చెంచు ఆమె పక్కన తనూ గింజలు కొట్టడం మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ కొట్టారు. ఇద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు. నేను గోడకు ఆనుకుని నిద్రపోయాను.

తెల్లవారి ట్రంకు తెరిచి పైనున్న బట్టలు తీస్తే కింద వేరేవి ఉన్నాయి. మైదా మూట, చక్కెర, నెయ్యి డబ్బా, ఇత్తడి పళ్లెం. ఆలూరులోనే అన్నీ సర్దుకుంది. సాయిబు ఇంటి అరుగు మీద, ఆయన కోడలు ఇచ్చిన నీళ్లతో చేతులు కడుక్కుని, అత్త పిండి కలిపింది. బిళ్లలు చేసి పేర్చి, "నొక్కు" అంది నాతో. బొటనవేలితో నొక్కాను. నెయ్యి కాచి పోసినందువల్ల పిండి వెచ్చగా ఉంది.

మొదటి పళ్లెం అడుగు మాడింది. సాయిబు నొచ్చుకున్నాడు. "రెండోది పెట్టు" అంది అత్త. రెండో పళ్లెం లోపలికి పోయాక ఆమె భట్టీ నోటి పక్కన రాయి దగ్గర నిలబడింది. వెనక్కి రమ్మని సాయిబు కోడలు పిలిచినా రాలేదు. కాసేపటికి వాసన వచ్చింది. సందులో పోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగారు. సాయిబు పొడుగాటి కర్రతో పళ్లెం బయటికి లాగి, ముందుకు వంగి గట్టిగా గాలి పీల్చి, "అల్లా, ఇదే వాసన" అన్నాడు.

అత్త ఒకటి తీసి కొరికింది. ఇంకో కొరుకు కొరికింది. మొత్తం తినేసింది. తర్వాత సాయిబుకు ఒకటి, ఆయన కోడలికి ఒకటి, ఆగిన ఆడవాళ్లకు చెరొకటి, నాకు రెండు ఇచ్చింది. నేను తిన్నాను. అంతకు ముందూ తర్వాతా నేను చాలా రకాల తీపి తిన్నాను. ఆ రుచిని వర్ణించమంటే అత్త మాటలే చెప్పాలి. ముందు నెయ్యి. దాని వెనక పప్పు వాసన.

మిగిలినవి నెయ్యి డబ్బా కడిగి ఆరబెట్టి అందులో సర్దింది. తిరుగు ప్రయాణంలో డబ్బా ఆమె ఒళ్లో నుంచి దిగలేదు. కర్నూలు దాటాక ఒక్కసారి అడిగింది.

"మీ నాయన నాతో ఎందుకు అబద్ధం చెప్పినాడంటావు?"

"తెల్దత్తా."

"అడగాల" అంది.

మేం ఆలూరు చేరేసరికి అనుకున్నదానికంటే రెండు రోజులు ఆలస్యం అయింది. నాన్న అంగడి మూసి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అమ్మ నన్ను చూసి ముందుకు ఉరికింది. నాన్న కదలలేదు.

"ఆసుపత్రి పని ఒక్క దినంది" అన్నాడు.

"అవును. తర్వాత ఆత్మకూరికి పోయినాం" అంది అత్త.

నాన్న మొహం రాయి అయింది. ఆయన లోపలికి పోయి గడప అవతల నిలబడ్డాడు. నన్ను లోపలికి పొమ్మని అత్త భుజం తట్టింది. తను మాత్రం వాకిట్లోనే ఆగి, వంగి, డబ్బా గడప మీద పెట్టి మూత తీసింది.

"నీ గడప తొక్కల్యా. ఇది పెట్టి పోతా. పొయ్యే ముందు ఒక్క మాట. భట్టీకాడ ఒక పిల్లోడు నిలబడేవాడంట. మొహం కందిపోయినా కదిలేవాడు కాదంట. సాయిబు అడిగినాడు, బాగుండాడా ఆయప్ప అని. బాగుండాడని చెప్పినా."

వాసన వాకిలి నిండా పరుచుకుంది. నాన్న డబ్బాను చూశాడు. వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. చెయ్యి చాపి ఒకటి తీసుకున్నాడు. అంచు కొరికాడు. నమిలాడు. మేమంతా ఆయన్నే చూస్తున్నాం.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త వాకిట్లోనే, గడపకు ఇవతల, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"ఎంతేసేది?"

"రెండు ఉప్పు కల్లు. నలిపి పిండిలో ఏసేది. ఏస్తేనే తీపి తెలుస్తాది అనేది అమ్మ." నాన్న సగం బిస్కత్తు డబ్బా మూత మీద పెట్టాడు. "జేజి నాతో ఒట్టేయించుకునింది అమ్మీ. సాయిబుల భట్టీ తిండి ఇంట్లోకి తెచ్చినందుకే అమ్మ పొయ్యిందనింది. ఇంట్లో మళ్ల దాని పేరెత్తొద్దనింది. తెచ్చింది నేను గదా. ఈ చేతుల్తో నేనే గదా తెచ్చింది."

జేజి అంటే వాళ్ల నాన్నమ్మ. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఆ మాట విని, నమ్మి, దాన్ని తన నలభై ఎనిమిదో ఏడు దాకా మోశాడు. అంగడిలో కూర్చుని, మాకు అన్నం పెట్టి, చెల్లెలి పెళ్లి చేసి, ఆ మాటను ఎవరికీ కనపడకుండా మోశాడు.

అత్త ముందుకు వంగింది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

"అన్నా, ఇట్ల చూడు. ఆ బిస్కత్తు నేనూ తింటి. నువ్వూ తింటివి. ఇద్దరం బతికే ఉండాం. అమ్మ జరమొచ్చి పొయ్యింది. జరమొస్తే పోతారు మనుషులు. బిస్కత్తు తిని ఎవరూ పోరు."

నాన్న ఏడ్చాడు. శబ్దం లేకుండా, మాకందరికీ ఎదురుగానే. అత్త ఏడవలేదు. ఆయన కళ్లు తుడుచుకునేదాకా కూర్చుని చూసింది. తర్వాత నాన్న గడప మీంచి డబ్బా పక్కకు జరిపి, "లోపలికి రా" అన్నాడు.

"వస్తా. ముందు ఒకటి చెప్పు" అంది అత్త. "అమ్మ ఎట్లుండేది?"

నాన్న ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. దుమ్ము కొట్టుకుపోయిన చీర, భట్టీ వేడికి కందిన మొహం, గింజలు కొట్టి పగిలిన వేళ్లు.

"నీ మాదిరే" అన్నాడు. "ఎవరు చెప్పినా వినేది గాదు."